వైరింగు మామయ్య జాయింటు

వైరింగు మామయ్యకు తోడబుట్టిన ఆడపిల్ల ఒక్కతీ లేదు. మేనల్లుళ్ళు మాత్రం వీధినిండా ఉన్నారు. మోటారు సైకిలు లైటు వెలగకపోయినా, హారను మూగబోయినా, తాళం తిప్పితే బండి కిక్కురుమనకపోయినా, నెట్టుకుంటూ వచ్చి "మామయ్యా, కాస్త చూద్దూ" అనే ప్రతివాడూ ఆయనకు మేనల్లుడే. నేనొక్కదాన్నే అన్నయ్యా అంటాను. ఆయన షాపుకూ నా టైలరింగు గదికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ ఎంత పల్చనంటే, అటు ఆయన తుమ్మితే ఇటు నా చేతిలో కత్తెర వంకర పోతుంది.

షాపంటే షాపూ కాదు, మెట్ల కింద మిగిలిపోయిన జాగా. మేకులకు పాత వైర్లు కట్టలు కట్టలుగా వేలాడుతుంటాయి. ఒక రేకు డబ్బా నిండా మాడిపోయిన బల్బులు. ఎందుకు దాస్తావన్నయ్యా ఆ చెత్తంతా అంటే "అవి నా సర్టిఫికెట్లు చెల్లెమ్మా" అంటాడు. కూర్చునేది పొట్టి స్టూలు మీద. మాటలు మాత్రం కోటలు దాటేవి. గొప్పలు చెప్పుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. అయితే ఆ గొప్పలకు తగ్గ పనీ ఉండేది, నిజం ఒప్పుకోవాలి.

ఎక్కడో ఒకచోట వైరు తోలు ఊడి బండి ఇనుముకు తగులుతుంటే ఫ్యూజు కొట్టేస్తుంది. కొత్తది వేస్తే అదీ పోతుంది. మిగతా మెకానిక్కులు ఫ్యూజు మీద ఫ్యూజు మార్చి, చివరికి చేతులెత్తేసి "మొత్తం వైరింగు మార్చాలండీ" అంటారు. మామయ్య అలా కాదు. ఫ్యూజు ఉండే చోట హెడ్‌లైటు బల్బు ఒకటి తగిలిస్తాడు. లోపల ఎక్కడో వైరు ఇనుముకు తగులుతున్నంతసేపూ బల్బు భగ్గున వెలుగుతూనే ఉంటుంది. ఆయన ముందు చక్రం నుంచి వెనక లైటు దాకా వైర్లను ఒక్కొక్క చోట పట్టుకుని కదుపుతూ పోతాడు. ఎక్కడ కదిపినప్పుడు బల్బు ఆరిపోతుందో దొంగ అక్కడ ఉన్నట్టు. బల్బు ఆరగానే మేనల్లుళ్ళంతా "ఓహో" అనేవారు. నేను కూడా మిషను ఆపి గుమ్మంలోకి వచ్చి చూసేదాన్ని. అంత సరదాగా ఉండేది.

ఇక జాయింటు సంగతి. తెగిన వైర్లను కలపడంలో ఆయనకొక పద్ధతుంది. రెండు వైర్ల రాగి తీగలనూ విప్పదీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, మెలేసి, దాని మీద టంకం కరిగించి పోసి, ఆ పైన దారంతో బిగించి, అప్పుడు టేపు చుట్టాలి. టంకం లేని జాయింటు జాయింటు కాదని ఆయన పాఠం. దారం నా దగ్గర తీసుకునేవాడు. ఎవరో కుట్టించుకుంటామని తెప్పించి వదిలేసిన ముదురు గులాబీ రంగు దారం నా దగ్గర పెద్ద కండె ఒకటి పడి ఉండేది. అది ఏ బట్టకూ నప్పదు. "ఇటు పారెయ్ చెల్లెమ్మా, చీకట్లో ఉండేదానికి రంగెందుకు" అని తీసుకుపోయాడు. అప్పటినుంచి ఊళ్ళో బళ్ళ పొట్టల్లో నా గులాబీ దారం తిరుగుతోంది.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు ఒక్కడే, సొంత బావమరిది. వదినకు ఒక్కగానొక్క తమ్ముడు. మెత్తని మనిషి, చెయ్యి మంచిది, నోరు లేదు. నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఏదో బండిలో మామయ్య వేసిన జాయింటు అనుమానంగా ఉందని వైర్లు కోసే కట్టరుతో టేపు విప్పి చూశాడు. టంకం చక్కగానే ఉంది. మామయ్య మాత్రం ఆ కట్టరు లాక్కుని వీధిలోకి విసిరేశాడు. "నా జాయింటు మీద కట్టరు పెట్టే మొనగాడివయ్యావట్రా? మళ్ళీ పెట్టిన రోజు నా గడప తొక్కొద్దు!" అని అరిచిన అరుపుకు నా దగ్గర కొలతలిస్తున్న ఆవిడ చేతులు పైకెత్తినవి దించలేదు. తర్వాత అతను పెళ్ళి చేసుకుని, వీధి చివర సొంతంగా షాపు పెట్టుకున్నాడు. అక్కడికెళ్ళిన బళ్ళలో బావ జాయింటు కనబడితే అతను ముట్టుకోడని ఊళ్ళో మెకానిక్కులంతా నవ్వుకునేవారు. మామయ్య ఆ మాట విని మీసం సవరించుకునేవాడు.

ఈమధ్య కొంతకాలంగా మామయ్య వైరును చేయి చాచినంత దూరం పట్టుకుని చూడడం మొదలుపెట్టాడు. "చెయ్యి ఇంకాస్త పొడుగుంటే బాగుండేది కదన్నయ్యా" అని నేను ఉడికించేదాన్ని. నేను కళ్ళద్దాలు ముక్కు మీద పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తుంటే ఆయన వెక్కిరించేవాడు. "కళ్ళజోడు పెట్టుకున్నవాడికి బండెవడిస్తాడు? ముందు నీ కళ్ళు రిపేరు చేయించుకోమంటారు" అనేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. అందులో నవ్వాల్సిందేమీ లేదని అప్పుడు తోచలేదు.

ఇళ్ళకు వెళ్ళి ఇంజెక్షన్లు చేసి, కట్లు మార్చే నర్సమ్మ ఒకావిడ ఉంది. మగవాళ్ళ బండి మీదే తిరుగుతుంది, జోరుగానే తిరుగుతుంది. ఒకనాటి సాయంత్రం ఆవిడ మలుపు తిరుగుతుండగా బండి ఉన్నపళంగా ఆగిపోయింది. లైటూ పోయింది, ఇంజనూ పోయింది. వెనక వస్తున్నవాడికి ఆవిడ కనపడలేదు. గుద్దలేదు కానీ, తప్పించబోతూ రాసుకుపోయాడు. ఆవిడ పక్క కాలువలో పడింది. కుడి మణికట్టు విరిగింది. సూది వేసే చెయ్యి.

మర్నాడు ఆవిడ తమ్ముడు బండిని ఆటోలో వేసుకుని మామయ్య దగ్గరకు తెచ్చాడు. "కొన్నాళ్ళ కింద మీ బామ్మర్ది షాపులో సర్వీసింగు చేయించాం మామయ్యా. అప్పటికీ హ్యాండిలు తిప్పితే లైటు మినుకు మినుకుమంటోందని చెప్పాం" అన్నాడు. మామయ్య హ్యాండిలు కింద వేలు పెట్టి తడిమాడు. కొత్త టేపు తగిలింది. బట్ట టేపు. ఆయన బట్ట టేపు వాడడు, బావమరిదే వాడతాడు.

అంతే, ఇంకేం చూడలేదు. కట్టరు కింద పడేసి వీధి చివరికి బయల్దేరాడు. వెనకాల మేనల్లుళ్ళు. వాళ్ళ వెనకాల నేను, చేతిలో కొలత టేపుతో సహా. బావమరిది షాపు ముందు నలుగురైదుగురు బళ్ళతో నిలబడి ఉన్నారు.

"ఒరేయ్! నర్సమ్మ చెయ్యి విరగ్గొట్టావు కదరా!" అన్నాడు మామయ్య వీధి అదిరేలా. "లైటు మినుకుమంటోందని చెబితే పైపైన టేపు చుట్టి పంపుతావా? ఆవిడ చచ్చిపోతే ఎవడు జవాబు చెప్పేవాడు? నువ్వా, నీ అక్కా?"

బావమరిది చేతులు గుడ్డకు తుడుచుకుంటూ లేచాడు. "బావా, లోపలికి రా. లోపల మాట్లాడుకుందాం" అన్నాడు నెమ్మదిగా.

"లోపల మాట్లాడే వ్యవహారం కాదిది. నలుగురూ వినాలి! వైర్లు కలపడం చేతకానివాడివి తాళ్ళు పేనుకు బతకలేకపోయావా? నా దగ్గర నేర్చుకున్నానని ఇంకెక్కడా చెప్పకు. నా పరువు పోతుంది."

అతను ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. అక్కడ నిలబడ్డవాళ్ళలో ఒకతను తన బండి స్టాండు తీసి, మెల్లగా తోసుకుంటూ మామయ్య షాపు వైపు నడిచాడు. తక్కినవాళ్ళు అతని వెనకే నడిచారు.

మామయ్య తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని నీళ్ళు తాగాడు. "ఇప్పుడు చూడండి వాడి బాగోతం" అని ఫ్యూజు పెట్టే చోట బల్బు తగిలించాడు. మధ్యాహ్నం భోజనాల వేళ కావడంతో మేనల్లుళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. నేను యూనిఫాం చొక్కాలకు గుండీలు కుడుతూ గుమ్మంలో కూర్చున్నాను. హ్యాండిలు ఎడమకు తిప్పగానే బల్బు భగ్గుమంది. హ్యాండిలు మెడ దగ్గర వైర్ల కట్టను పట్టుకుని లాగగానే ఆరిపోయింది. "దొరికాడు దొంగ" అని ఆయన బట్ట టేపును కోసి విప్పాడు.

దాని కింద ఇంకో టేపు ఉంది. పాతది, నల్లది, జిగురు కారి ఎండిపోయింది. ఆయన చెయ్యి ఆగింది. తర్వాత మెల్లగా ఆ పాత టేపు కూడా విప్పాడు. దాని కింద ముదురు గులాబీ దారం.

నేను గుండీ వదిలేసి లేచాను. అంతకుముందెప్పుడో ఎలుక కొరికేసిందని ఆ బండికి వైర్లు కలిపింది మామయ్యేనని అప్పుడు గుర్తొచ్చింది. ఆయనకూ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. దారం తెంపాడు. తీగలు ఉత్తినే మెలేసి ఉన్నాయి. పచ్చగా చిలుము పట్టాయి. టంకం చుక్కైనా లేదు. మెలిక వదులై, ఒక తీగ పక్కకు పొడుచుకొచ్చి, టేపులు రెండింటినీ చీల్చుకుని ఇనుముకు తగులుతోంది.

"టంకం..." అన్నాను.

"కనపడటం లేదమ్మా" అన్నాడు నేలకేసి చూస్తూ. "చాన్నాళ్ళయింది. టంకం ఎక్కడ పడుతుందో కనపడటం లేదు. ఒకసారి పక్క వైరు తోలు కాల్చేశాను. అప్పటినుంచి గట్టిగా మెలేసి కట్టేస్తున్నా. దారముంది కదా, ఆగుతుందనుకున్నా."

టంకం పొగ వాసన మా గదిలోకి రాక ఎన్నాళ్ళయిందో అప్పుడు తట్టింది నాకు. ముక్కుండీ ఏం లాభం?

"మరి వదిన తమ్ముడు..." అన్నాను.

"వాడు చూశాడు. నల్ల టేపు నాదని వాడికి తెలుసు. అది విప్పకుండా దాని మీదే వాడి టేపు చుట్టాడు." ఎందుకు విప్పలేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. వీధిలోకి ఎగిరిపడిన కట్టరు ఇద్దరికీ గుర్తుంది. వీధి చివర అతను నా వైపు ఎందుకు చూశాడో కూడా అప్పుడు తెలిసింది. ఆయన మొహం చూడలేక నేను గుండీల డబ్బాలోకి చూశాను. కాసేపటికి ఆయన గబగబా ఆ జాయింటును కోసి పారేసి, పక్కనున్న రేడియో రిపేరు షాపతన్ని బతిమాలి తెచ్చి టంకం వేయించి, కొత్త టేపు చుట్టి బండి పంపించేశాడు. వెళ్తూ వెళ్తూ "చెల్లెమ్మా, ఎవరికీ చెప్పకు" అన్నాడు. ఆయన నోటి వెంట ప్రాధేయపడే మాట వినడం నాకదే మొదలు.

నా నోట్లో నువ్వుగింజ నానదని వదినకు తెలుసు. ఆ సాయంత్రమే వచ్చి నా ఎదురుగా కూర్చుని, "మీ అన్నయ్య అన్నం తినకుండా గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఏం జరిగిందో చెప్పు" అంది. చెప్పకుండా ఉందామనే అనుకున్నాను. కానీ వీధి చివర జరిగిన పంచాయతీ సంగతి ఆవిడకు అప్పటికే అందింది. తమ్ముణ్ణి తిట్టారని ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చెప్పేశాను. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి వేళకు క్యారేజీ పంపింది, బట్టలు ఉతికి పెట్టింది, మంచినీళ్ళు ఇచ్చింది. మాట ఒక్కటే ఇవ్వలేదు.

ఇటు మామయ్య షాపు ముందు బళ్ళు పెరిగాయి, అటు వీధి చివర తగ్గాయి. "చేస్తే మామయ్యే చేయాలిరా" అనేవాళ్ళు. "సొంత బామ్మర్దైనా మొహమాటం లేకుండా కడిగేశాడు, అదీ మనిషంటే" అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా గోడకవతల స్టూలు కిర్రుమనేది. వీధి చివర షాపు గది సొంతదారుకు ఇదంతా నచ్చలేదు. ఎవరో పోలీసు కేసు పెడతారని భయం. గది ఖాళీ చేసి తాళం ఇచ్చేయమన్నాడు.

ఆ కబురు తెలిసిన రోజు వదిన మౌనం వీడింది. క్యారేజీ తానే పట్టుకుని షాపుకొచ్చింది. "వాడు వేరే ఊళ్ళో ఎవరి దగ్గరో పనికి కుదురుతాడట" అంది, స్టూలు ముందు నిలబడి. "మీ దగ్గర నేర్చుకున్నానని చెప్పుకోడట. మీ పరువు పోతుందన్నారుగా." క్యారేజీ కింద పెట్టి వెళ్ళిపోయింది. మామయ్య దాని మూత కూడా తీయలేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన బయటపడ్డాడు. బళ్ళతో నిలబడ్డ మేనల్లుళ్ళందరినీ పిలిచి, "ఒక మాట వినండి. నర్సమ్మ బండిలో జాయింటు నాది. టంకం వేయకుండా కట్టాను. వాడి తప్పేం లేదు" అన్నాడు. అంత పెద్ద నోరున్న మనిషి ఈ నాలుగు ముక్కలూ గొణిగినట్టే అన్నాడు.

అది విని గడ్డం మేనల్లుడు ఒకడు ఆయన భుజం తట్టాడు. "తెలుసు మామయ్యా. గది పోతోందని బామ్మర్దిని కాపాడుకుంటున్నావు."

"కాదురా, నిజంగానే నాదిరా!"

"ఊరుకో మామయ్యా. నువ్వు టంకం లేకుండా జాయింటు వేయడమేమిటి, నవ్విపోతారు!" అన్నాడు ఇంకొకడు. "ఎంత పెద్ద మనసు చూడరా. తిట్టాల్సినప్పుడు తిట్టాడు, ఇప్పుడు నింద నెత్తినేసుకుంటున్నాడు."

నేను గుమ్మంలోంచి అరిచాను. "ఆయన చెప్పేది నిజమేరా! నేను కళ్ళారా చూశాను." వాళ్ళు నా వైపు తిరిగి నవ్వారు. అన్నయ్య మీద చెల్లెలికి అభిమానం ఉండదా అన్నారు. సాయంత్రానికల్లా మామయ్య మంచితనం వీధంతా పాకింది. పరువు పోగొట్టుకుందామని బయల్దేరిన మనిషికి పరువు రెట్టింపయింది. అలాంటి అవమానం పగవాళ్ళకు కూడా వద్దు. ఆయన షాపు మూసేసి వచ్చి నా గదిలో కత్తిరింపుల మూట మీద కూలబడ్డాడు. "నేనన్న మాట విని వాణ్ణి అప్పటికప్పుడు నమ్మడం మానేశారు. నా మీద నేనే చెబితే నమ్మరేంటమ్మా?" అన్నాడు.

తాళం ఇవ్వాల్సిన రోజు ఉదయం ఆయన నా దగ్గరకొచ్చాడు. "నర్సమ్మగారిని తీసుకుని వీధి చివరికి రా. ఒక్కణ్ణే వెళ్ళలేను, కాళ్ళు రావడం లేదు" అన్నాడు. నేను వెళ్ళి నర్సమ్మను పిలుచుకొచ్చాను. ఆవిడ కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. ఎందుకని అడిగింది, వచ్చి చూడండన్నాను. మేము వెళ్ళేసరికి బావమరిది సామానంతా మూట కట్టేసి ఉన్నాడు. గది సొంతదారు తన మోటారు సైకిలు మీద వచ్చి తాళం కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు. ఏం జరుగుతుందో చూద్దామని మేనల్లుళ్ళు కొందరు చేరారు.

మామయ్య తిన్నగా ఆ సొంతదారు బండి దగ్గరకు వెళ్ళాడు. "ఈ బండికి వైరింగు చేసిందెవరండీ?"

"నువ్వే కదయ్యా. నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోలేదు" అన్నాడు ఆయన.

మామయ్య ట్యాంకు కింద నుంచి వైర్ల కట్ట బయటికి లాగాడు. నల్ల టేపు చుట్టిన జాయింటును వేళ్ళతో పట్టుకుని బావమరిది వైపు చాపాడు. "విప్పు" అన్నాడు.

అతను వెనక్కి అడుగేశాడు. "నా వల్ల కాదు బావా."

"విప్పరా. నేను విప్పితే నమ్మరు, గారడీ చేశాననుకుంటారు. నీ చేత్తో విప్పు."

"బావా, వద్దు."

"నీ కాళ్ళు పట్టుకోమంటావా?"

బావమరిది మూటలోంచి కట్టరు తీశాడు. దాన్ని టేపు మీద ఆనించాక కూడా అతని చెయ్యి చాలాసేపు కదల్లేదు. చివరికి కోశాడు. టేపు ఊడింది, గులాబీ దారం ఊడింది, పచ్చటి చిలుముతో తీగలు బయటపడ్డాయి. పట్టి లాగితే రెండు వైర్లూ రెండు చేతుల్లోకి వచ్చేశాయి. గది సొంతదారు వంగి చూశాడు. ఈ బండి మీద రోజూ కూతుర్ని కాలేజీలో దింపుతాడు ఆయన. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఇలాంటివి ఇంకెన్ని బళ్ళలో ఉన్నాయయ్యా?" అన్నాడు.

"తెలియదండీ" అన్నాడు మామయ్య. మేనల్లుళ్ళు ఆయన మొహం చూడడం మానేసి తమ తమ బళ్ళ వైపు చూసుకుంటున్నారు.

నర్సమ్మ బావమరిది దగ్గరకు వెళ్ళి నిలబడింది. "నా బండి సర్వీసింగుకు తెచ్చినప్పుడు నువ్వు ఇది చూశావా, చూళ్ళేదా?"

"చూశానమ్మా" అన్నాడు అతను తల వంచుకుని. "చేత్తో తడిమితేనే తెలిసింది, లోపల టంకం లేదని. బావ జాయింటు కదా అని విప్పలేదు. పైన టేపు గట్టిగా చుట్టి పంపాను. తప్పు నాదే."

ఆవిడ మామయ్య వైపు తిరిగింది. కోపంగా అనలేదు, రోగికి ఉన్నమాట చెప్పినట్టే అంది. "ఇతనికి పని తెలుసు. జబ్బెక్కడుందో కూడా తెలుసు. మీరంటే భయం, అందుకని ముట్టుకోలేదు. అంతేనా?"

మామయ్య అవునని తల ఊపాడు.

"మీ భయానికి నా చెయ్యి విరిగిందన్నమాట" అని ఆవిడ వెళ్ళిపోయింది. నేను వెంట వెళ్ళబోతే ఎడమచేత్తోనే వద్దని వారించింది. మామయ్య ఉన్నచోటే, వీధిలో, అందరి మధ్యా నేల మీద చతికిలబడ్డాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. నాకూ వెళ్ళి లేవదీయాలనిపించలేదు. ఎంత సొంత అన్నయ్యలా చూసుకున్నా ఆ పూట మాత్రం నాకు ఆయన పక్కన నిలబడాలంటే సిగ్గేసింది.

గది తాళం బావమరిది దగ్గరే ఉండిపోయింది. మెట్ల కింది షాపు ఇప్పుడు ఉదయం పూట తెరవడం లేదు. మామయ్య పొద్దున్నే వీధి చివరికి వెళ్ళి కూర్చుంటాడు. తన చేతి జాయింటున్న ప్రతి బండినీ తెమ్మని ఆయనే ఇంటింటికీ తిరిగి చెప్పాడు. తలుపు తట్టి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పి వచ్చేవాడు. కళ్ళజోడు కూడా పెట్టుకున్నాడు. అందరూ ఎగతాళి చేస్తారని అన్నాళ్ళు వెనకాడాడు కదా, తీరా పెట్టుకుంటే ఒక్కరూ దాని ఊసెత్తలేదు. నర్సమ్మకు కట్టు విప్పారు. ఇంజెక్షన్లు చేస్తోంది కానీ చెయ్యి ఇదివరకటిలా తిరగడం లేదట. బండి మీద పోతూ మామయ్య కనబడితే చూపు తిప్పుకోదు, పలకరించదు కూడా.

పని బావమరిది చేస్తాడు. మామయ్య వైర్లు పట్టుకుని కూర్చుంటాడు. టేపు మీద కట్టరు పెట్టగానే బావమరిది చెయ్యి ఆగిపోతుంది. తలెత్తి బావ మొహం చూస్తాడు. బండి తెచ్చినవాడు పక్కనే నిలబడి ఉంటాడు. "కొయ్యరా" అంటాడు మామయ్య. అప్పుడు కోస్తాడు. ఇంకో బండి వస్తుంది. మళ్ళీ కట్టరు పెడతాడు, మళ్ళీ తలెత్తుతాడు, మళ్ళీ ఈయన "కొయ్యరా" అనాలి.

ఒకరోజు మామయ్య నా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "చెల్లెమ్మా, మిగతావన్నీ ఓర్చుకుంటున్నా. ఆ చూపు ఓర్చుకోలేకపోతున్నా. నేను చెబితే సరే బావా అంటాడు, మళ్ళీ అలాగే చూస్తాడు. అడక్కుండా కొయ్యమని నువ్వైనా చెప్పు వాడికి" అన్నాడు.

వెళ్ళి చెప్పాను. బావమరిది కాసేపు కట్టరు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "చూడకూడదనే అనుకుంటానక్కా" అన్నాడు. "బావ అరుస్తాడేమోనని చెయ్యి దానంతటదే ఆగిపోతోంది."

నేను అక్కడ ఉండగానే ఒక బండి వచ్చింది. మామయ్య ట్యాంకు కింద నుంచి వైర్లు లాగి పట్టుకున్నాడు. బావమరిది కట్టరు ఆనించి తలెత్తి చూశాడు. మామయ్య తల దించుకునే "కొయ్యరా" అన్నాడు.